సీసా మీద నల్లమల, లోపల ఏ నేల?

తెల్ల పింగాణీ పళ్లెంలో తేనెటీగలు పోగు చేసిన పుప్పొడి ఉండలు చెంచాడు పోసి వెలుతురులో పెడితే మొదట కనిపించేది రంగుల తేడా. ఆవగింజకన్నా పెద్దవి, పెసరగింజకన్నా చిన్నవి. కొన్ని పండు నిమ్మ రంగులో, కొన్ని పసుపు కొమ్ము రంగులో, కొన్ని ముదురు నారింజలో, ఒకటీ అరా బూడిద రంగులో ఉంటాయి. వేళ్ల మధ్య నలిపితే పొడి రాలి కాస్త జిగురుగా అంటుకుంటుంది. నోట్లో వేసుకుంటే ముందు తీపి, తర్వాత చిరుచేదు. ఇంతవరకు కంటికీ నాలుకకూ తెలుస్తుంది. సీసా మీద "నల్లమల అడవి పుప్పొడి" అనో, "ఉదయగిరి కొండల పుప్పొడి" అనో అచ్చేసి ఉంటే ఆ మాట నిజమో కాదో మాత్రం వాటికి అందదు. అది తేలాలంటే ఉండ లోపలికి, అణువుల దాకా వెళ్లాలి. అక్కడ దొరికే జవాబు కూడా చాలామంది అనుకునేంత సూటిగా ఉండదు.

ఊరి పేరుకు విలువ వస్తే ఆ పేరు ఊరు దాటి పోతుంది. ఒంగోలు జాతి పశువులు సముద్రం దాటి బ్రెజిల్ చేరాక వాటి సంతతి "నెలోర్" అన్న పేరుతో కోట్ల సంఖ్యలో పెరుగుతోంది. పెన్నా నీళ్లు ఎరగని ఆ పశువులకు నెల్లూరు పేరుంది. అందులో మోసమేమీ లేదు, అది జాతి పేరు. తినే సరుకు విషయం వేరు. అడవి పేరు, కొండ పేరు చూసి కొనేవాళ్లు ఆ పేరుకే అదనంగా డబ్బు కడతారు. ప్రపంచంలో పుప్పొడి ఎక్కువగా తీసే దేశం చైనా. ఆవ జాతి పూల పుప్పొడి, తామర పుప్పొడి అక్కడ టన్నుల లెక్కన దొరుకుతాయి. అలా ఎక్కడిదో చవక సరుకు తెచ్చి మన కొండ పేరు పెట్టి అమ్మితే కొన్నవాళ్లు మోసపోతారు. వాళ్లతోపాటు, పొదిలి దగ్గరో కలువాయి దగ్గరో పది తేనెటీగల పెట్టెలు పెట్టుకుని రోజూ గుప్పెడు గుప్పెడుగా పుప్పొడి పోగు చేసే పెంపకందారు కూడా ఆ ధరకు తట్టుకోలేక పోతాడు. ఈ పరీక్షల అవసరం నిజానికి అతనికే ఎక్కువ.

ఉండ ఎలా తయారవుతుందో ముందు చూడాలి. పూల మీద తిరిగేటప్పుడు తేనెటీగ ఒంటి నూగుకు పుప్పొడి అంటుకుంటుంది. దాన్ని కాళ్లతో దువ్వి, పొట్టలో తెచ్చుకున్న తేనె చుక్కతో తడిపి, వెనక కాళ్ల మీద బుట్టలాంటి చోట ఉండగా అదుముతుంది. రెండు కాళ్లకు రెండు ఉండలు, ఒక్కోటి సుమారు 7, 8 మిల్లీగ్రాములు. పెట్టె గుమ్మానికి 5 మిల్లీమీటర్లకు కాస్త అటూఇటూ రంధ్రాలున్న జాలీ బిగిస్తే, ఈగ దూరేటప్పుడు ఉండలు రాలి కింది సొరుగులో పడతాయి. దీన్నే పుప్పొడి ట్రాప్ అంటారు. కిలో పుప్పొడిలో దాదాపు లక్షా ముప్పై వేల ఉండలుంటాయి. అంటే అరవై అయిదు వేలకు పైగా ప్రయాణాలు. ఒక ప్రయాణంలో ఈగ సాధారణంగా ఒకే జాతి పూల మీద వాలుతుంది కాబట్టి ఒక ఉండ అంటే చాలావరకు ఒక మొక్క. అయితే ఆ ఉండలో పుప్పొడితోపాటు తేనె కూడా ఉంది. ఈ చిన్న సంగతిని పట్టించుకోకపోతే తర్వాత వచ్చే లెక్కలన్నీ తారుమారవుతాయి.

ఈ పనికి అన్నిటికన్నా పాత సాధనం మైక్రోస్కోపు. ఉండను నీటి చుక్కలో కరిగించి చూస్తే పొద్దుతిరుగుడు రేణువు చుట్టూ ముళ్లతో పల్లేరుకాయలా కనిపిస్తుంది. జామాయిల్ రేణువు మూడు మూలల గవ్వంత ముచ్చటగా ఉంటుంది. మొక్కజొన్న రేణువు వీటి పక్కన ఏనుగంత, గుండ్రంగా, నున్నగా ఉంటుంది. తుమ్మ జాతి రేణువులైతే విడివిడిగా కాకుండా పదహారు వరకు ఒకే ముద్దగా అతుక్కుని ఉంటాయి. తేనెలోనూ ఉండల్లోనూ ఏ మొక్క ఉందో చూడటానికి ఈ పద్ధతిని మించిన చవకైన దారి ఇంకా లేదు. దాని హద్దు కూడా అక్కడే ఉంది. పొద్దుతిరుగుడు అని చెబుతుంది గానీ, అది దర్శి చేలో పూసిందా కర్ణాటకలో పూసిందా అంటే చెప్పలేదు. సర్కారు తుమ్మ, పల్లెల్లో చిల్లచెట్టు అనేది, ఒంగోలు రోడ్డు పక్కన ఉన్నట్టే గుజరాత్‌లోనూ ఉంది. మొక్క ఒకటే అయినప్పుడు నేలను వేరు చేయాలి. రసాయన పరీక్ష అవసరం అక్కడ మొదలవుతుంది.

మొక్క తన ఒంటిని కట్టుకోవడానికి గాలి నుంచి కార్బన్, వాన నుంచో చెరువు నుంచో నీళ్లు, నేల నుంచి లవణాలు తీసుకుంటుంది. ఈ మూడింటిలోనూ ఆ చోటి గుర్తులు కొన్ని మిగులుతాయి. ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులుంటాయి, వాటిని ఐసోటోపులు అంటారు. గాలిలోని కార్బన్‌లో వందకు తొంభై తొమ్మిది వంతులు కార్బన్-12, ఒక వంతు కాస్త బరువైన కార్బన్-13. వరి, శనగ, కంది, నిమ్మ, మామిడి, పొగాకు లాంటి మొక్కలు ఆ బరువైనదాన్ని చాలావరకు వదిలేస్తాయి. జొన్న, సజ్జ, మొక్కజొన్న, చెరకు మాత్రం వేరే దారిలో కార్బన్‌ను పట్టుకుంటాయి కాబట్టి బరువైనది వాటిలో కాస్త ఎక్కువగా చేరుతుంది. ఈ రెండో దారిని 1966లో ఆస్ట్రేలియాలో హాచ్, స్లాక్ అనే శాస్త్రవేత్తలు వివరించారు. మొదటి గుంపును సి-3 మొక్కలని, రెండోదాన్ని సి-4 మొక్కలని అంటారు. అంతర్జాతీయ ప్రమాణంతో పోల్చి కొలిస్తే సి-3 మొక్కలు సగటున వెయ్యికి మైనస్ 27 దగ్గర, సి-4 మొక్కలు మైనస్ 12 దగ్గర ఉంటాయి.

ఇది మన మెట్టకు బాగా పనికొచ్చే కొలత. జొన్న, సజ్జ, మొక్కజొన్న గాలికి పరాగం జరుపుకునే పంటలైనా, తెల్లవారుజామున కంకి పూతకొచ్చినప్పుడు తేనెటీగలు వాటి మీద ముసురుకుని పుప్పొడి ఎత్తుకుపోతాయి. ప్రకాశం మెట్టలో సజ్జ చేల పక్కన పెట్టిన పెట్టె పుప్పొడి, నెల్లూరు నిమ్మతోటల్లో పెట్టిన పెట్టె పుప్పొడి ఈ కొలతలో వేరువేరుగా కనిపించాలి. ఒక నమూనా మైనస్ 24 చూపిందనుకుందాం. మైనస్ 27 నుంచి మైనస్ 12 దాకా ఉన్న 15 మెట్లలో అది 3 మెట్లు ఎక్కింది, అంటే అయిదో వంతు సి-4 మొక్కలది. కాగితం మీద లెక్క ఇంత తేలిక.

చేలో అంత తేలిక కాదు. నీళ్ల ఎద్దడిలో పెరిగిన సి-3 మొక్క కూడా ఒకటి రెండు మెట్లు పైకి జరుగుతుంది. కనిగిరి వైపు వానాధారపు కందికీ, కాలువ కింది కందికీ ఆ తేడా ఉండొచ్చు. దానికన్నా పెద్ద చిక్కు పంచదార. పూలు లేని కాలంలో పెంపకందారులు ఈగలు బతకడానికి పంచదార పాకం పెడతారు. అది చెరకుది, అంటే సి-4. ఈగ ఆ పాకం దాచుకున్న తేనెతోనే పుప్పొడిని తడిపి ఉండ చేస్తుంది. అప్పుడు ఉండలో పుప్పొడి నిమ్మదే అయినా, మొత్తం ఉండను కాల్చి కొలిస్తే జొన్న కలిసినట్టు అంకె వస్తుంది. నిజాయితీగా ఈగలను కాపాడుకున్న మనిషి సరుకు "తేడాగా ఉంది" అని పక్కన పడే ప్రమాదం ఇది. దీనికి విరుగుడు ఉంది. ఉండలను ముందు కడిగి చక్కెరలు తీసేసి రేణువులను విడిగా కొలవాలి, లేదా ప్రొటీన్‌ను వేరు చేసి కొలవాలి. ఈ అడుగు వేయని ల్యాబ్ రిపోర్టును పుట్టుక విషయంలో సాక్ష్యంగా తీసుకోకూడదు.

తేనె పరీక్షల చరిత్రలో ఇలాంటి పాఠం ఒకటి ఉంది. తేనెలో చెరకు, మొక్కజొన్న పాకం కలిపితే కార్బన్ పరీక్ష పట్టేసేది. కల్తీ చేసేవాళ్లు బియ్యం పాకానికి మారారు. వరి సి-3 మొక్క, తేనె ఇచ్చే పూల మొక్కలూ చాలావరకు సి-3లే, కాబట్టి ఆ పరీక్ష మూగబోయింది. అమెరికాకు వెళ్లే తేనెకు మన దేశం 2020 ఆగస్టు 1 నుంచి ఎన్ఎంఆర్ అనే మరో పరీక్షను తప్పనిసరి చేసింది. ఒకే కొలతను నమ్ముకుంటే దాన్ని తప్పించుకునే దారి ఎవరో ఒకరు కనిపెడతారు. పుప్పొడికీ ఇది వర్తిస్తుంది. కార్బన్ పక్కన ఇంకో రెండు మూడు సాక్ష్యాలు నిలబడాలి.

నైట్రోజన్ గురించి ఎక్కువ చెప్పేది లేదు. యూరియా వేసిన చేను ఒక రకంగా, పశువుల ఎరువు వేసిన చేను మరో రకంగా కనిపిస్తాయి. ఊరికన్నా రైతు అలవాటునే అది ఎక్కువ చెబుతుంది. నీటిలోని హైడ్రోజన్, ఆక్సిజన్ ఐసోటోపులు అంతకన్నా ఆసక్తికరం. మేఘం సముద్రం నుంచి లోపలికి పోయేకొద్దీ బరువైన నీరు ముందు కురిసిపోయి, తర్వాతి వాన తేలికవుతుంది. నెల్లూరులో ఎక్కువ వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో పడుతుంది. ప్రకాశం పడమటి మండలాలు నైరుతి వాన మీద కూడా ఆధారపడతాయి. రెండు కాలాల వానల్లో ఈ నిష్పత్తి ఒకేలా ఉండదు. కానీ సర్వేపల్లి చెరువులో నాలుగు నెలలు ఎండకు ఆవిరవుతూ నిలిచిన నీటిలో తేలికైనది ఎగిరిపోయి బరువైనది మిగులుతుంది. ఆ నీటితో పండిన మొక్కలో వాన గుర్తు చెదిరిపోతుంది. పైగా పుప్పొడి గాలిలోని తేమను ఇట్టే పీల్చుకుంటుంది. ఇవి రెండూ ఉన్నప్పుడు ఈ కొలతను తోడు సాక్షిగా వాడొచ్చు గానీ, దాని ఒక్కదాని మీద తీర్పు ఇవ్వకూడదు.

అసలు బలమైన సాక్షి రాయి. స్ట్రాన్షియం అనే లోహం కాల్షియానికి చుట్టం లాంటిది. వేరు కాల్షియం పీల్చేటప్పుడు దీన్నీ కొద్దిగా లోపలికి తీసుకుంటుంది. ఇందులో స్ట్రాన్షియం-87, స్ట్రాన్షియం-86 అనే రెండు రకాల నిష్పత్తి రాయిని బట్టి మారుతుంది. రాతిలో రుబిడియం అనే మూలకం ఉంటే దానిలో ఒక భాగం కోట్ల ఏళ్లలో మెల్లగా స్ట్రాన్షియం-87గా మారుతూ ఉంటుంది. రాయి ఎంత పాతదైతే, అందులో రుబిడియం ఎంత ఎక్కువుంటే, నిష్పత్తి అంత పెరుగుతుంది. సముద్రపు నీటిలో ఇది 0.709. రుబిడియం ఎక్కువున్న పాత రాళ్ల నేలల్లో 0.72 దాటి పైకి వెళ్లగలదు. చూడటానికి చిన్న తేడాలే. ఐసోటోపులను బరువును బట్టి విడదీసి కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రం నాలుగో అయిదో దశాంశ స్థానం దాకా కొలవగలదు కాబట్టి ఇవి యంత్రానికి పెద్ద తేడాలే. మొక్క ఒంట్లోకి వెళ్లినా, ఈగ కాలికి అంటినా, సీసాలోకి చేరినా ఈ నిష్పత్తి దాదాపు మారదు. ఇది దాని గొప్పతనం.

నెల్లూరు, ప్రకాశం నేలలు ఈ పరీక్షకు అరుదైన వరం. కొత్తపట్నం ఇసుక తీరం నుంచి పడమరగా నల్లమల దాకా వెళ్తే వంద, నూట యాభై కిలోమీటర్లలోపే కాళ్ల కింద రాయి మళ్లీ మళ్లీ మారుతుంది. తీరంలో ఇసుక, ఒండ్రు. కాస్త లోపలికి చీమకుర్తిలో నల్లరాతిలో బంగారు చుక్కల గెలాక్సీ రాయి. దాన్ని గ్రానైట్ అని పిలిచినా భూవిజ్ఞాన లెక్కలో అది గాబ్రో జాతి, రుబిడియం తక్కువ. ఇంకా పడమరకు వెళ్తే మార్కాపురం పలకల రాయి, ఆపైన నల్లమల గట్టి రాళ్లు. దక్షిణాన సైదాపురం, రాపూరు వైపు అభ్రకం గనుల నేల. మైకా అని ఊళ్లో అనే ఈ అభ్రకం రుబిడియాన్ని కడుపులో దాచుకునే ఖనిజం. అక్కడి పాత గనుల చుట్టూ దారి మీద అభ్రకపు రేకులు ఎండకు తళతళలాడుతుంటాయి. అరచేతిలోకి తీసుకుంటే గోటితో పొరలు పొరలుగా విడిపోతాయి. చీమకుర్తి పక్కన పూసిన చిల్లచెట్టు పుప్పొడికీ, సైదాపురం పక్కన పూసిన చిల్లచెట్టు పుప్పొడికీ మైక్రోస్కోపులో తేడా కనిపించదు. స్ట్రాన్షియంలో తేడా ఉండాలని రాళ్ల తీరు చెబుతోంది.

ఉండాలి అనడానికీ ఉంది అనడానికీ మధ్య పొలం ఉంది, రైతు ఉన్నాడు, కాలువ ఉంది. నాగార్జునసాగర్ కుడి కాలువ కృష్ణ నీటిని దర్శి, అద్దంకి పొలాలకు తెస్తుంది. ఆ నీరు మహారాష్ట్ర, కర్ణాటకల నల్లరేగడి నేలల కింది బసాల్టు రాళ్లను కడిగి వచ్చింది. కాలువ కింది చేలో మొక్క తాగే స్ట్రాన్షియంలో కొంత సొంత ఊరి రాతిది, కొంత వందల కిలోమీటర్ల అవతలిది. సూపర్ ఫాస్ఫేట్ వేస్తే అందులోని ఫాస్ఫేట్ రాయి తన స్ట్రాన్షియాన్ని వెంట తెస్తుంది. గంధకం ఐసోటోపులతో సముద్రపు తుంపర చేరే తీరాన్ని, చేరని లోపలి భూములను వేరు చేయొచ్చని ఒక పద్ధతి ఉంది. మన దగ్గర వేరుశనగకు ఊడలు దిగే సమయంలో జిప్సం వేస్తారు. జిప్సంలో గంధకం దండిగా ఉంటుంది. ఇక ఆ లెక్క ఎలా నిలుస్తుంది? అందుకే పంట చేలకన్నా వానాధారపు చెట్లు, అడవి చెట్లు, బీడు భూముల కంపల నుంచి వచ్చిన ఉండలు పుట్టుక విషయంలో ఎక్కువ నమ్మకమైన సాక్షులు. ఉండలను రంగును బట్టి విడదీసి, మైక్రోస్కోపులో జాతి నిర్ధారించి, ఎరువు పడని జాతుల ఉండలనే స్ట్రాన్షియం పరీక్షకు పంపడం మంచి పద్ధతి. ఖర్చు పెరుగుతుంది, నిజమే. జవాబు మీద నమ్మకమూ పెరుగుతుంది.

దుమ్ము ఇంకో శత్రువు. పుప్పొడి జిగటగా ఉంటుంది. క్వారీ లారీలు తిరిగే దారి పక్కన పెట్టెలు ఉన్నా, ఉండలను మేడ మీద గుడ్డ పరిచి ఎండబెట్టినా రాతి పొడి అంటుకుంటుంది. అప్పుడు పరీక్షలో కనిపించేది మొక్క తాగిన నేల కాదు, గాలికి వచ్చి పడిన నేల. అల్యూమినియం, టైటానియం ఉండాల్సినదానికన్నా ఎక్కువగా కనిపిస్తే మట్టి కలిసిందని అనుమానించాలి, ఎందుకంటే మామూలు మొక్కలు ఈ రెండింటినీ పెద్దగా పైకి తీసుకోవు.

స్ట్రాన్షియం నిష్పత్తితోపాటు పొటాషియం, మెగ్నీషియం, మాంగనీసు, జింకు, బేరియం, రుబిడియం, లిథియం ఇలా నలభై దాకా మూలకాల మోతాదులను ఐసీపీ-ఎంఎస్ అనే యంత్రం ఒక్క విడతలో కొలుస్తుంది. ఇక్కడ ఒక ఆశ చాలామందికి కలుగుతుంది. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ, తరాలుగా జనం ఒళ్లు హూనం చేసిన సమస్య అది. మరి అక్కడి పుప్పొడిలో ఫ్లోరైడ్ చూస్తే ఊరు తెలిసిపోదా? తేయాకు లాంటి కొన్ని మొక్కలను మినహాయిస్తే వేరు నుంచి పైకి ఫ్లోరైడ్ చాలా తక్కువగా చేరుతుంది. పువ్వు దాకా, అందులోని రేణువు దాకా చేరేది ఇంకా తక్కువ. బావిలో ఉన్నదంతా పువ్వులో ఉండదు. ఏ గుర్తునైనా వాడే ముందు అది నేల నుంచి రేణువు దాకా వస్తుందని చూపించాలి. ఊళ్లో ప్రసిద్ధమైన సమస్య అన్నంత మాత్రాన అది మంచి గుర్తు అయిపోదు.

సేంద్రియ పదార్థాల వేలిముద్ర గురించి కొంచెం. ప్రతి మొక్క పుప్పొడిలో క్వెర్సెటిన్, కెంఫెరాల్ లాంటి ఫ్లేవనాయిడ్లు అనే రసాయనాలు తనదైన పొందికలో ఉంటాయి. వాటిని హెచ్‌పీఎల్‌సీ అనే ల్యాబ్ పద్ధతితో విడదీస్తే గ్రాఫు మీద శిఖరాల వరుస వస్తుంది. ఏ మొక్కో చెప్పడానికి ఇది బాగుంటుంది. ఏ నేలో చెప్పడానికి బలహీనం. పైగా ఎండకూ వేడికీ నిల్వకూ ఇవి తరిగిపోతాయి. ఏడాది పాత మార్కాపురం సరుకు, తాజా మార్కాపురం సరుకు రెండు వేరు ఊళ్లవిలా కనిపించే అవకాశం ఉంది. ఇన్‌ఫ్రారెడ్ వెలుతురుతో నిమిషంలో పరీక్షించే యంత్రాలు గోదాములో అనుమానపు సంచులను ఏరడానికి పనికొస్తాయి, అంతకుమించి వాటిని నమ్మకూడదు.

మోసం చేసేవాడు మొత్తం సరుకు మార్చడు. ఏడు పాళ్లు స్థానికం, మూడు పాళ్లు బయటిది కలుపుతాడు. అలాంటి సీసాను బాగా పొడి చేసి, కలిపి, కొలిస్తే సగటు అంకె ఒకటి వస్తుంది. అది స్థానిక సరుకు హద్దుల్లోనే పడొచ్చు. ఇక్కడ పుప్పొడికి తేనెకు లేని ఒక సౌకర్యం ఉంది. తేనె కలిపితే కలిసిపోతుంది, పుప్పొడి ఉండలు కలిపినా విడివిడిగానే ఉంటాయి. కార్బన్ ఐసోటోపుల కొలతకు మిల్లీగ్రాము చాలు. ఒక్క ఉండే 7, 8 మిల్లీగ్రాములు. పళ్లెంలోంచి పట్టకారుతో ఒకే జాతి ఉండలు ముప్పై ఏరి, కడిగి, ఒక్కోదాన్ని చిన్న తగరపు గిన్నెలో మడిచి యంత్రంలోకి వదిలితే ముప్పై అంకెలు వస్తాయి. ఒకే చోటివైతే అవి ఒక గుంపుగా ఉంటాయి. రెండు గుంపులుగా విడిపోతే ఆ సీసాలో రెండు చోట్ల సరుకు ఉందన్న అనుమానం బలపడుతుంది. సగటు దాచిన సంగతిని ఇలా విడి అంకెలు బయటపెడతాయి. ఖర్చు చూసి ఈ పనిని పక్కన పెట్టే ల్యాబులకు ఈ ఒక్క మాట గట్టిగా చెప్పాలి.

ఇన్ని కొలతలు వచ్చాక కూడా యంత్రం ఊరి పేరు చెప్పదు. అది ఇచ్చేది అంకెల వరుస. ఆ వరుస పొదిలిదని తేలాలంటే నిజంగా పొదిలి నుంచి, కళ్ల ముందు తీసిన నమూనాల అంకెలు ముందే చేతిలో ఉండాలి. చుట్టుపక్కల ఊళ్లవీ ఉండాలి. బయటి రాష్ట్రాలవీ, చైనా సరుకువీ ఉండాలి. ఈ పోలిక నమూనాల బీరువా లేకుండా కోట్ల రూపాయల యంత్రం ఉన్నా లాభం లేదు. వేలిముద్ర తీశాం గానీ పోల్చడానికి పాత ముద్రలు లేవన్నట్టు ఉంటుంది.

బీరువా చిన్నదైతే మరో ప్రమాదం. ఒక తరగతిలో పదిమంది నెల్లూరు పిల్లలు, పదిమంది ఒంగోలు పిల్లలు ఉన్నారనుకోండి. చెప్పుల సైజు, ఇంట్లో మెట్ల సంఖ్య, అమ్మ పేరులో అక్షరాలు ఇలా నలభై సంగతులు అడిగితే, ఏదో రెండు మూడు సంగతులు కలిపి చూసినప్పుడు రెండు గుంపులూ చక్కగా విడిపోతాయి. పక్క తరగతికి వెళ్లి అదే సూత్రం వాడితే పనిచేయదు. ఇరవై నమూనాలు, నలభై మూలకాలు ఉన్న ప్రతి అధ్యయనానికీ ఈ జబ్బు ఉంటుంది. కంప్యూటరు నూటికి తొంభై అయిదు సరిగ్గా చెప్పిందని గొప్పగా రాసుకోవచ్చు. అడగాల్సింది ఒక్కటే: ఆ సూత్రం కట్టడానికి వాడని నమూనాల మీద, వేరే ఊరి పెట్టెల మీద, వచ్చే ఏడాది పూత మీద ఎంత సరిగ్గా చెప్పింది? నమూనాలు ఒకే ఏడాది, ఒకే నెలలో తీసినవైతే అది ఊళ్ల మధ్య తేడాను చూస్తోందో, ఆ నెల పూసిన పూల తేడాను చూస్తోందో ఎవరూ చెప్పలేరు.

అందుకే ప్రశ్నను సరిగ్గా అడగడం ముఖ్యం. "ఇది ఏ ఊరిది?" అని అడిగితే రసాయన శాస్త్రం తడబడుతుంది. "ఇది నల్లమలదని సీసా చెబుతోంది, అది కుదురుతుందా?" అని అడిగితే ధైర్యంగా మాట్లాడుతుంది. కుదరదు అని చెప్పడం దానికి తేలిక. అడవి సరుకన్న సీసాలో ఉండలన్నీ ఆవ జాతివై, స్ట్రాన్షియం ఆ కొండల్లో ఎక్కడా కొలవని అంకె చూపితే ఆ పేరు అబద్ధమని గట్టిగా చెప్పొచ్చు. అంకెలన్నీ సరిపోతే మాత్రం "నల్లమలదే" అని రాయకూడదు, "నల్లమలది అన్న మాటకు విరుద్ధంగా ఏమీ కనిపించలేదు" అని రాయాలి. అలాంటి రాళ్లు, అలాంటి చెట్లు ఇంకో చోట కూడా ఉండొచ్చు కదా. ఈ రెండు వాక్యాల మధ్య తేడాను చెరిపేసే రిపోర్టు కోర్టులో నిలవదు, నిలవకూడదు కూడా.

చోటు అన్నా ఎంత చోటు? పెట్టె చుట్టూ రెండు కిలోమీటర్లు ఈగ తిరుగుతుందని తీసుకుంటే ఆ వలయం మూడు వేల ఎకరాలు దాటుతుంది. మేత దొరక్కపోతే ఇంకా దూరం పోతుంది. కాబట్టి సర్వే నంబరు దాకా ఎవరూ చెప్పలేరు, ఊరి పొలిమేర కూడా కష్టమే. మండలాల గుంపు, నేల రకం దాకా చెప్పగలిగితే గొప్ప. పెట్టెలను పూత వెంట తిప్పే పెంపకందారుల విషయంలో అదీ కుదరదు, పొదలకూరు నిమ్మ పూతకు ఒక చోట, పొద్దుతిరుగుడుకు ఒక చోట, కొండ అంచున ఒక చోట తీసిన సరుకు ఒకే డబ్బాలో చేరుతుంది. వీళ్లకు కాగితం సాక్ష్యమే ముందు. కేంద్రం పెట్టిన మధుక్రాంతి పోర్టల్‌లో పెంపకందారులను, పెట్టెలను నమోదు చేసే ఏర్పాటు ఉంది. ఆ నమోదుకు తోడు ఎప్పుడు ఎక్కడ పెట్టెలు దించారన్న లెక్క ఉంటే, ఆ లెక్క నిజమా అని రసాయన పరీక్ష సరిచూడగలదు. కాగితం లేకుండా పరీక్ష ఒక్కటే అంతా తేల్చాలంటే అది దాని వల్ల కాదు.

యంత్రాలు మనకు దూరంగా లేవు. రాళ్ల వయసు కట్టే పనిలో హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ దశాబ్దాలుగా ఇలాంటి మాస్ స్పెక్ట్రోమీటర్లను వాడుతోంది. కష్టమైన పని, నెమ్మదిగా జరిగే పని, నమూనాల సేకరణ. దానికి యంత్రం అక్కర్లేదు. ట్రాప్ సొరుగులోంచి ప్లాస్టిక్ చెంచాతో యాభై గ్రాములు తీయాలి, ఉక్కు గరిటె అయితే దాని లోహాల జాడ అంటుకోవచ్చు. నేల మీద పరవకుండా, మూత ఉన్న డ్రైయర్‌లో 40 డిగ్రీల దగ్గర ఆరబెట్టాలి. రెండు పొట్లాలుగా కట్టి ఒకటి ల్యాబుకు పంపి, ఒకటి డీప్ ఫ్రీజర్‌లో ఉంచాలి. అదే పెట్టె నుంచి నిమ్మ పూతలో ఒకసారి, సజ్జ కంకి వేసినప్పుడు ఒకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి తీయాలి. కనీసం మూడేళ్లు ఇలా చేయాలి. పక్కనే పిడికెడు మట్టి కూడా తీసి ఉంచితే రాతి లెక్కకు పనికొస్తుంది. పొట్లం మీద పెట్టె నంబరు, తేదీ, ఆ వారం చుట్టుపక్కల పూసిన చెట్ల పేర్లు, ఆ చేలకు కాలువ నీరా బోరు నీరా, ఈగలకు పంచదార పాకం చివరిసారి ఎప్పుడు పెట్టారు అన్నవి రాయాలి. పరీక్షకు డబ్బు ఇప్పుడు లేకపోయినా ఆ పొట్లం వృథా కాదు. రంగు వెలుస్తుంది, వాసన పోతుంది, ఫ్లేవనాయిడ్లు తరుగుతాయి గానీ, లోపలి స్ట్రాన్షియం నిష్పత్తి పదేళ్ల తర్వాత కొలిచినా ఇవాళ ఉన్నట్టే ఉంటుంది.